శనివారపు ఉపవాసం, శుక్రవారపు సూది

మొదటి సూది వేసుకున్న శుక్రవారం సాయంత్రం మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. దీవుల మధ్య తిరిగే బోటులో ఆయన ఉద్యోగం. నెలలో సగం రోజులు నీళ్ల మీదే గడుస్తాయి. ఆ వారం బోటు మరమ్మతు కోసం హాడో రేవులో ఆగింది. నాకు తోడుగా ఉన్నారో, వేళాకోళం చేయడానికి ఉన్నారో ఆయనకే తెలియాలి.

ఫ్రిజ్‌లోంచి మందు తీసి బల్ల మీద పెట్టాను. లావుపాటి పెన్నులా ఉంటుంది. దాని చివర సూది బిగించి, పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకుని గుచ్చి, పది లెక్కపెట్టి తీసేయాలి. వారానికొకసారి. అంతే పని. నేను మాత్రం కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. అది ఎంతకీ ముగియలేదు.

"ఆమేన్ అనేయవే. ఆ సూది చూడు, చీమ కుట్టినంత కూడా ఉండదు," అన్నారు ఆయన.

"సూదికి భయపడి కాదండీ."

"మరేటి?"

ఆమేన్ అని గుచ్చుకున్నాను. నిజంగానే నొప్పి తెలియలేదు. ఆయన గట్టిగా పది లెక్కపెట్టి, బోటు కట్టేసినట్టు "బస్, అయిపోయింది," అన్నారు.

నా భయం ఇది. మా తెలుగు సంఘంలో శనివారపు స్త్రీల ఉపవాస ప్రార్థన పదకొండేళ్లుగా నేనే నడుపుతున్నాను. ఉదయం నుంచి ఏమీ తినకుండా పదింటికి కూడుకుంటాం. పాటలు, వాక్యం, ఒకరి కోసం ఒకరం విజ్ఞాపన, రెండింటికి ముగింపు. తర్వాత అందరం కలిసి గంజి తాగుతాం. ఆకలిని దేవునికి అర్పించడం ఉపవాసమని ఆ పదకొండేళ్లూ నేనే చెప్పాను. ఇప్పుడు నేను మొదలుపెట్టింది ఆకలిని చంపే మందు. సంఘంలో తెలిస్తే ముందు వరసలో నిలబడి ప్రార్థన నడిపే చోటు నాకు ఉండదు. ఆ చోటు తప్ప ఈ ఊళ్లో నాదంటూ నేను చెప్పుకునేది ఇంకేమీ లేదు.

మందు దాకా ఎలా వచ్చానో చెప్పాలి. నేను ఈ దీవుల్లోనే, జాలర్ల పేట జంగ్లీఘాట్‌లో పుట్టాను. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వల భుజాన వేసుకుని వచ్చినవాడు. నాన్న హార్బర్‌లో పనిచేశాడు, నేను ఆఫీసు గుమాస్తానయ్యాను. ఇంట్లో అందరూ బక్కపలచనివాళ్లు, నేనొక్కదాన్నే లావు. చిన్నప్పుడు ముద్దుగా ఉండేది, పెళ్లయ్యాక ఎత్తిపొడుపు మాటగా మారింది, నలభై దాటాక మోకాళ్ల నొప్పిగా మారింది. యాభై ఒకటో ఏడు వచ్చేసరికి తొంభై ఎనిమిది కిలోలు, ఆరేళ్లుగా షుగరు.

ఒకసారి ఆఫీసు వాళ్లమంతా చిన్న బోటులో పక్క దీవికి వెళ్లాం. లైఫ్ జాకెట్ నాకు పట్టలేదు. బోటు కుర్రవాడు రెండు పట్టీలనూ లాగి లాగి, చివరికి నైలాన్ తాడు ముక్క తెచ్చి మధ్యలో ముడివేశాడు. "దీదీ, ఊపిరి ఆడుతోందా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. అందరూ నీళ్ల అడుగున పగడాలు చూస్తుంటే నేను ఆ ముడినే చూస్తూ కూర్చున్నాను.

ఉపవాసాలు నడిపే మనిషి లావుగా ఉండడం సంఘంలో ఎంత నవ్వులాటో వేరే చెప్పాలా? మిన్నీ బేలో ఉండే అక్క ఒకావిడ ఉంది. సొంత అక్క కాదు, విశ్వాసంలో అక్క. సర్కారు బడిలో ఆయాగా చేసి రిటైరైంది. ఆవిడ నోటికి మూత లేదు. "చెల్లీ, అడవిలో ఆకాశం నుంచి రొట్టె కురిసిందంటారే, అది నీకింకా కురుస్తున్నట్టుందే!" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికెళ్లి, తలుపు వేసుకుని, నా తిండిని పాపంగా ఒప్పుకుని ఏడ్చేదాన్ని. ముప్పై ఏళ్లు ఏడ్చాను. క్షమించు ప్రభువా, రేపటి నుంచి తగ్గిస్తాను. రేపు మూడింటికే ఆకలి, కడుపులో కాదు, తలలో. ఆఫీసు ఫైలు తెరిస్తే అందులో సమోసా కనిపించేది.

మోకాళ్ల కోసం వెళితే డాక్టరు గారు, బెంగాలీ ఆయన, హిందీలో అన్నారు: "ఆపరేషన్ చేయొచ్చు దీదీ, కానీ ఈ బరువు మీద చేయను. ముందు బరువు దిగాలి."

"ప్రయత్నిస్తూనే ఉన్నాను డాక్టర్ సాబ్."

"ఎన్నాళ్ల నుంచి?"

"ముప్పై ఏళ్లు."

ఆయన నవ్వలేదు. "ముప్పై ఏళ్లు ప్రయత్నించిన మనిషిది బద్ధకం ఎలా అవుతుంది? ఇది జబ్బు," అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఈ వారపు సూది గురించి చెప్పారు. ఆపకుండా చాలాకాలం వాడాల్సి రావచ్చని, వాంతులు, మలబద్ధకం ఉండవచ్చని, నెలనెలా డోసు కొంచెం కొంచెం పెంచుతారని చెప్పారు. షుగరుకి నేను వేసుకునే చిన్న మాత్ర ఆపమన్నారు. "తిండి లేకుండా ఆ మాత్ర పడితే షుగరు కిందికి జారిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం. అప్పుడు వెంటనే తీపి తాగాలి." నేను శనివారం ఉపవాసమని చెబితే, నీళ్లు బాగా తాగమని, ఒంట్లో బాగోలేకపోతే మానేయమని అన్నారు. సూది ఏ రోజు వేసుకోమంటారని అడిగితే, మీ ఇష్టం, ఏదో ఒక రోజు పట్టుకోండి అన్నారు. శుక్రవారం అని చెప్పింది నేనే. తర్వాతి రెండు రోజులు తిండి సహించదని ఆయన చెప్పిన వెంటనే, ఆలోచించకుండా, శుక్రవారం అనేశాను.

రెండో వారానికే నా తలలో ఎవరో రేడియో కట్టేసినట్టయింది. ఉదయం రెండు ఇడ్లీలు తింటే మూడోది పళ్లెంలో ఉండిపోయింది. ఉండిపోయిందని కూడా నేను గమనించలేదు. మా ఆయనే గమనించారు. "ఏటే, ఇడ్లీ ఒదిలేశావు? పెళ్లయ్యాక మొదటిసారి," అన్నారు. కష్టాలు లేకపోలేదు. కుళ్లిన గుడ్డు వాసన త్రేన్పులు, చేపల పులుసు పొయ్యి మీదుంటే వీధి చివరికి పారిపోవాలనిపించే వికారం. జంగ్లీఘాట్‌లో పుట్టి చేపల వాసనకి ముక్కు మూసుకున్నానంటే మా నాన్న సమాధిలో లేచి కూర్చుంటాడు. అయినా ఆ నిశ్శబ్దం ముందు ఇవన్నీ చిన్నవి.

ఆ నిశ్శబ్దంలోనే నాకు కోపం కూడా వచ్చింది. ముప్పై ఏళ్లు మోకాళ్లరిగేలా పాపమని ఒప్పుకున్నది నాలుగు చుక్కల మందుకి లొంగిపోతే, అది పాపమెలా అవుతుంది? రోగమే అయితే, ప్రభువు నా కన్నీళ్లు ఎందుకు చూస్తూ ఊరుకున్నాడు? సన్నగా ఉన్నవాళ్లు నాకన్నా ఆశానిగ్రహం ఉన్నవాళ్లు కారని, వాళ్ల తలలో రేడియో ఎప్పుడూ మోగలేదని నాకు యాభై ఒకటో ఏట తెలిసింది. వాళ్ల మీద అసూయ పడ్డాను. ఆ తర్వాత నా మీద నాకే మొదటిసారి జాలి వేసింది.

శనివారాలు మాత్రం చిక్కయ్యాయి. పదింటికి పాట అందుకుంటే నాకు ఆకలి లేదు. పన్నెండుకీ లేదు. రెండింటికి గంజి గిన్నె చేతికిస్తే తాగాలని లేదు. కానుకల సంచిలో ఖాళీ కవరు వేసినట్టుండేది. పక్కనున్న వాళ్ల కడుపులు గుర్రుమని మూలుగుతుంటే వినిపించేది. అది ఎంత పరిశుద్ధమైన శబ్దమో నాకు అప్పుడే తెలిసింది.

పదో వారానికి ఎనిమిది కిలోలు తగ్గాను. శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టరు ముందు ఆ నలభై రోజులు మా సంఘంలో చాలామంది రోజూ ఒక పూట మానేస్తారు. మెడ దగ్గర నా రవికె వదులవడం అందరూ చూశారు. "ఉపవాసాలకి ఫలం కనిపిస్తోందమ్మా," అంది ఒకావిడ గేటు దగ్గర.

"అంతా ప్రభువు కృపండీ," అన్నాను.

అబద్ధం కాదు. మందు కనిపెట్టే బుద్ధినిచ్చినవాడూ ఆయనే, డాక్టరు గారి నోట ఆ మాట పలికించినవాడూ ఆయనే. కానీ ఆ మాట అన్నప్పుడు నా లోపల ఒక తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. ఆ ఆదివారం అయ్యగారు, మా పాస్టరు, సాక్ష్యాల వేళ, దేవుడు చేసిన మేలు చెప్పమని నన్ను లేపారు. లేచాను. శరీరం తేలికైందని, ఉపవాస ప్రార్థనలో బలముందని, దేవుడు నమ్మదగినవాడని చెప్పాను. ఒక్కొక్క వాక్యం విడిగా తీస్తే నిజమే. స్తోత్రం, స్తోత్రం అన్నారు. అక్క మూడో వరసలోంచి నన్నే చూస్తోంది. ఆవిడ నవ్వడం లేదు. అది నాకు గుర్తుంది.

అక్కకి పన్నెండేళ్లుగా షుగరు. ఉపవాస ప్రార్థనకి వచ్చేది గానీ ఉపవాసం ఉండేది కాదు. సంచిలో బిస్కెట్ల పొట్లం తెచ్చుకుని, పదకొండున్నరకి పక్క గదిలోకి వెళ్లి రెండు తిని వచ్చేది. "ప్రభువుకి నా షుగరు తెలుసు, నాకు ప్రభువు తెలుసు, మధ్యలో మీకేటి?" అనేది. జబ్బున్నవాళ్లు ఉపవాసం ఉండొద్దని నేనూ ప్రతిసారీ చెప్పేదాన్ని.

నా సాక్ష్యం తర్వాతి శనివారం ఆవిడ కోడలితో వచ్చింది. సంచి తేలేదు. నేను గమనించాల్సింది. గమనించలేదు. పాటల పుస్తకాలు పంచుతూ, త్రేన్పు రాకుండా నోరు బిగపట్టుకుని ఉన్నాను.

పన్నెండు దాటాక అందరం గొంతెత్తి ప్రార్థిస్తున్నాం. అక్క గొంతు మిగతావాటి కంటే పెద్దదైంది. మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి, తెలుగూ కాదు, హిందీ కూడా కాదు. చేతులు పైకెత్తింది, చేతులు వణుకుతున్నాయి. ఒళ్లంతా ఊగుతోంది. పక్కనున్న ఇద్దరు ఇంకా గట్టిగా స్తోత్రం అందుకున్నారు. ఆత్మ దిగిందని ఎవరో అన్నారు. మా దగ్గర అలా జరగడం అరుదు, జరిగితే ఎవరూ ఆపరు. నేనూ ఆపలేదు. ఒక నిమిషమో రెండు నిమిషాలో, నిజం చెప్పాలంటే, నేను నడుపుతున్న ప్రార్థనలో ఇలా జరిగిందని మురిసిపోయాను.

అప్పుడు ఆవిడ మెడ చూశాను. ఫ్యాను కింద కూర్చున్న మనిషికి రవికె వెనకంతా తడిసిపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, దేన్నీ చూడటం లేదు. చెమటలు, వణుకు, మాట తడబడటం.

"ఆపండి! అందరూ ఆపండి!" అని అరిచాను. కోడల్ని అడిగాను, "పొద్దున మాత్ర వేసుకుందా?"

"హాఁ ఆంటీ, రోజూలాగే వేసుకుంది. టిఫిన్ మాత్రం వద్దంది. ఈ వారమంతా పొద్దున తినడం లేదు."

తినడానికి ఆ గదిలో ఏమీ లేదు. ఉపవాస ప్రార్థన కదా! గంజి ఇంకా పొయ్యెక్కలేదు. పక్క గది అలమారాలో ఒక్కటుంది: మర్నాడు ఆరాధనలో అందరం తలా గుక్క తీసుకునే ప్రభు సంస్కారానికి నేనే ఎండు ద్రాక్ష ఉడకబెట్టి, వడగట్టి, చక్కెర కలిపి సీసాలో పోసి పెట్టిన రసం. దాన్ని వేరే ఎవరూ ముట్టుకోరు. కడిగిన చేతులతో, ప్రార్థన చేసి, నేను మాత్రమే ముట్టుకుంటాను. ఒక్క క్షణం ఆ అలమారా ముందు ఆగాను. వాక్యంలో రాజు కాబోయే మనిషి ఆకలికి యాజకులు మాత్రమే తినాల్సిన రొట్టె తిన్నాడన్న సంగతి గుర్తొచ్చిందని తర్వాత అయ్యగారితో చెప్పాను గానీ, అప్పుడు నాకేమీ గుర్తు రాలేదు. సీసా మూత పళ్లతో లాగాను.

ఆవిడింకా మింగగలుగుతోంది. నేనూ కోడలూ తల పట్టుకుని కొంచెం కొంచెంగా గ్లాసుడు తాగించాం. సగం చీర మీద పోయింది. మరో అర గ్లాసు. పది నిమిషాలకి అక్క కళ్లు నా మీద నిలిచాయి. "ఏటిది, జిగటగా?" అంది. మాట స్పష్టంగా ఉంది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. సెలైన్ పెట్టి, సాయంత్రం దాకా ఉంచుతామన్నారు. కోడలు మందులకి కిందికి వెళ్లింది. అక్క పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. నా వైపు తిరిగింది.

"చెల్లీ, ఒక మాట అడుగుతా. నీకూ షుగరే కదా? నువ్వూ ఉపవాసమే కదా? నీకేటీ అవలేదు. నాకెందుకైంది?"

నేను ఆవిడ దుప్పటి సర్దాను.

"నాలో ఏదో దాపరికం ఉంది. నా మొక్కుబడిలో కల్మషం ఉంది. లేకపోతే నిన్ను దీవించినోడు నన్ను కింద పడేస్తాడా?" ఆవిడ కంటి చివర నుంచి నీరు చెవిలోకి జారింది. పదిహేనేళ్లలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. మొగుడు పోయినప్పుడు కూడా వచ్చినవాళ్లకి టీలు అందించిన మనిషి.

ముప్పై ఏళ్లు నేను తలుపు వేసుకుని ఏడ్చిన ఏడుపే అది. దాన్ని తీసుకెళ్లి ఆవిడ చేతుల్లో పెట్టింది నేను.

"కల్మషం నీలో లేదక్కా," అన్నాను. "నేను సూది వేసుకుంటున్నాను. బరువు తగ్గే మందు. శుక్రవారం శుక్రవారం. దాంతో ఆకలి ఉండదు. డాక్టరు నా షుగరు మాత్ర కూడా ఆపేశారు. ఉపవాసంతో నేను ఒక్క కిలో తగ్గలేదు."

ఆవిడ మోచేతి మీద లేవబోయింది.

"సూదా?"

"ఆఁ."

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ వెళ్లాక."

"మరి ఆదివారం నిలబడి ప్రభువు కృప అన్నావు?"

"కృపే అక్కా, కానీ..."

"కృపే అనుకో. ఎవరు కాదన్నారు? ఆ కృప ఏ మందుల దుకాణంలో దొరుకుద్దో కూడా చెప్పాలి కదే!" గొంతు పెరిగింది. పక్క మంచం వాళ్లు చూశారు. "నిన్ను చూసే నేను బిస్కెట్లు మానేశాను. ఈ ముసల్ది కూడా నీలా ప్రభువుకి ఇష్టురాలవ్వాలని."

"క్షమించక్కా."

"ఎల్లు. నాకు కోడలుంది." ఆవిడ గోడ వైపు తిరిగింది.

ఆ సాయంత్రం మా ఆయన బోటులో ఉన్నారు. ఫోను అందింది. అంతా చెప్పాను. నీళ్ల చప్పుడులో ఆయన గొంతు అందుతూ పోతూ ఉంది. "మందు ఆపేస్తావా?" అని అడిగారు. ఆపనన్నాను. "మంచిది. తప్పు సూదిది కాదు," అన్నారు.

ఆదివారం తెల్లవారుజామున మళ్లీ ఎండు ద్రాక్ష ఉడకబెట్టి, రసం పట్టుకుని ఆరాధనకి గంట ముందే అయ్యగారి దగ్గరికి వెళ్లాను. జరిగింది చెప్పాను. రసం సంగతి ముందు చెప్పాను, అది తేలిక కాబట్టి. "దాని గురించి బెంగపడకండమ్మా. ప్రభువే ఉంటే సీసా మొత్తం ఇచ్చేసేవాడు," అన్నారు. రెండోది విన్నాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మందు వేసుకోవడం పాపం కాదు. మీకు తెలుసు. నాకు ముందే చెప్పి ఉంటే అదే చెప్పేవాణ్ణి."

"మందు గురించి కాదు అయ్యగారూ. సాక్ష్యం గురించి. సంస్కారపు బల్ల దగ్గరికి వచ్చే ముందు నన్ను మాట్లాడనివ్వండి."

మాట్లాడాను. కాగితమేదీ రాసుకోలేదు. మందు పేరు చెప్పాను, ఎన్ని వారాలో చెప్పాను, వికారం గురించి చెప్పాను. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఒక్క పూట తిండి కూడా మానొద్దన్నాను. ఆకలి లేకుండా ఉపవాసం నడిపానని, మీ స్తోత్రాలు నావి కావని చెప్పాను. నేను కూర్చున్నాక స్తోత్రం అని ఎవరూ అనలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వెనక ఒక పిల్లవాడు మంచినీళ్లు అడిగాడు. మూడో వరసలో అక్క చోటు ఖాళీగా ఉంది.

బయట చెప్పుల దగ్గర ఒక పెద్దాయన, "ఇవన్నీ లోపల చెప్పే మాటలా?" అని నా పక్కనుంచి వెళ్లిపోయాడు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వందనాలు కూడా చెప్పలేదు. సున్నపు గోడ వెనక మాత్రం వేరొకావిడ నా మోచేయి పట్టుకుని, చుట్టూ చూసి, "సిస్టర్, మా అమ్మాయికి అడుగుతున్నా, ఆ డాక్టరు ఏ రోజుల్లో చూస్తాడు?" అని గుసగుసగా అడిగింది. గట్టిగానే చెప్పాను.

శనివారాలు కొన్నాళ్లు వేరెవరైనా నడిపితే మంచిదని అయ్యగారు అన్నారు. నేనే అడగాలనుకున్నది ఆయన ముందు అన్నారు. అయినా ఇంటికొచ్చి చాలాసేపు చీర మార్చుకోకుండా కూర్చున్నాను. ఒప్పుకుంటే మనసు తేలికవుతుందని ఎంతమందికో చెప్పాను. తేలికవలేదు. పదకొండేళ్లు నిలబడిన చోటు పన్ను పీకినట్టు ఖాళీగా ఉంది, నాలుక మాటిమాటికీ అక్కడికే పోతోంది.

తర్వాతి శనివారం వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. గుమ్మం పక్కన వెనక వరసలో కూర్చున్నాను. ముందు నిలబడింది అక్క కోడలు. ముప్పై ఏళ్ల పిల్ల, తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడమే కష్టం. బడిలో హిందీ, ఇంగ్లీషే చదివింది. పాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఫోనులో రాసుకుని వచ్చింది. వాక్యం దగ్గరికి వచ్చేసరికి మూడో మాటకే తడబడి, నాలుగో మాటకి ఆగి, తలెత్తి గదంతా చూసింది.

"ఆంటీ, ఇధర్ ఆయియే నా. ఇది నాకు రావట్లేదు."

నేను కదల్లేదు. నా పక్క వరసలో చీర కొంగు చప్పుడైంది. అక్క. వెనకగా వచ్చి కూర్చున్న సంగతి నేను చూడలేదు. ఒళ్లో బిస్కెట్ల పొట్లం, తెరిచి ఉంది.

"ఎల్లవే," అంది, నా వైపు చూడకుండా. "పిల్ల నలిగిపోతోంది. నిన్ను నడపమనడం లేదు, చదవమంటున్నారు."

వెళ్లి కోడలి పక్కన కుర్చీ వేసుకున్నాను. నేను మెల్లగా చదువుతుంటే ఆ అమ్మాయి గట్టిగా పలికింది. తర్వాత ప్రార్థన అంశాలు. ఒక్కొక్కరూ తమ అక్కర చెబుతారు, నడిపేవాళ్లు నోటు పుస్తకంలో రాసుకుంటారు, అందరూ దాని కోసం ప్రార్థిస్తారు. కొడుకు ఉద్యోగం, చెల్లెలి కాన్పు, అక్క షుగరు. అమ్మాయి అన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుంది. చివరికి నా వైపు తిరిగింది.

"మీ ప్రార్థన అంశం ఏంటి ఆంటీ?"

పదకొండేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగేది నేను కదా. నోటు పుస్తకం వైపు చూశాను. అందరూ ఆగి ఉన్నారు. కొందరి ముఖాలు ఇంకా బిగుసుకునే ఉన్నాయి.

"వచ్చే శుక్రవారం డోసు పెంచుతారు," అన్నాను. "పోయినసారి పెంచినప్పుడు మూడు రోజులు వాంతులయ్యాయి. ఈసారి తట్టుకోగలగాలని."

అమ్మాయి రాసుకుంది. రాసిన దాని కింద గీత గీసి, మోకాళ్లూనింది. వెనక నుంచి పొట్లం మడిచిన చప్పుడు వినిపించింది. అక్క, అందరికన్నా ముందు, బిస్కెట్ నోట్లో ఉండగానే ప్రార్థన మొదలుపెట్టింది.